బుకింగ్ కిటికీలో సర్కారు చెయ్యి

(రఘుపతి వెంకయ్య స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు రూపం)



సినిమా గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా తెర దగ్గర మొదలుపెడతారు. రఘుపతి వెంకయ్యగారిని తలుచుకునే రోజున మాత్రం హాలు గుమ్మం దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, 1910 ప్రాంతంలో ఆయన క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. ఒకపక్క బొమ్మ ఆడుతుంటే ఇంకోపక్క గ్రామఫోను పాడే ఏర్పాటు అది. ఆ సరంజామా మోసుకుని తెలుగు ఊళ్లూ, సింహళం, బర్మా తిరిగి ఆటలు వేశారు. తరవాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ హాళ్లు నడిపారు. కొడుకు ప్రకాశ్‌తో కలిసి సినిమాలు తీయడం ఆ తరవాతి మాట. ‘భీష్మ ప్రతిజ్ఞ’ వచ్చింది 1921లో. అంటే తెలుగు సినిమా పితామహుడు ముందు టిక్కెట్లమ్మిన మనిషి, ఆ డబ్బుతో బొమ్మ తీసిన మనిషి.

అందుకే ఈ ఉపన్యాసానికి విషయం టిక్కెట్టు ధర. విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కానీ గత అయిదేళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లో మంత్రుల ప్రెస్‌మీట్లు, హైకోర్టు వాయిదాలు, శాసనసభలో చర్చ, ఒక నిండు ప్రాణం, ఒక అగ్రనటుడి అరెస్టు – ఇన్నింటి వెనక ఉన్నది ఈ చిన్న కాయితమే. రాజకీయం, వినోదం, ప్రభుత్వ విధానం మూడూ ఒకే గుమ్మంలో ఒకదాన్నొకటి తోసుకుంటూ కనబడే చోటు ఇంతకన్నా ఇంకొకటి దొరకదు.

ముందుగా ఒక మాట చెప్పి ముందుకు వెళ్లడం మంచిది. ధరలు తగ్గాలని వాదించడానికో, పెరగాలని వాదించడానికో ఈ వక్త ఇక్కడికి రాలేదు. ధర ఎంత అన్నదానికన్నా, ఆ ధర ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం మారుస్తున్నారన్నదే ఇక్కడ గొడవ.

గోడలో కన్నం

యాభై దాటిన వాళ్లకు పాత బుకింగ్ కిటికీ గుర్తుండే ఉంటుంది. కిటికీ అనడం మర్యాదకు. నిజానికి అది గోడలో కన్నం. లోపలి గుమాస్తా మొహం కనపడదు. బయటివాడి చెయ్యి మణికట్టు దాకా దూరుతుంది, అంతే. అక్కడిదాకా వెళ్లడానికి ఇనప గొట్టాల మధ్య ఒక్క మనిషి పట్టే దారి. తలల మీదుగా పాక్కుంటూ వచ్చే వీరులను ఆపడానికి ఆ దారికి పైన కూడా ఇనప వల. గుప్పిట్లో చెమటకు తడిసిన చిల్లర. ఒకే కన్నంలో మూడు చేతులు దూరితే గుమాస్తా డబ్బు సరిగ్గా ఉన్న చేతిలో టిక్కెట్టు పెట్టి, వేళ్లు మూసి, బయటికి నెట్టేవాడు. ఆడవాళ్లకు వేరే కిటికీ. ఆ సంగతి తెలిసిన మగపిల్లలు అక్కనో పిన్నినో బతిమాలుకుని ఆ వరస నుంచి టిక్కెట్లు సంపాదించేవాళ్లు.

చేతికొచ్చిన ఆ పల్చటి రంగు కాయితం మీద ధర రెండు ముక్కలుగా ఉండేది. హాలుకు చెందేది ఇంత, వినోదపు పన్ను ఇంత. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ – ఏ తరగతి ప్రేక్షకుడైనా సర్కారు వాటా కట్టాకే చీకట్లోకి అడుగుపెట్టేవాడు. ఆ కన్నంలో ప్రేక్షకుడి చెయ్యితోపాటు సర్కారు చెయ్యి కూడా మొదటినుంచీ ఉంది.

చట్టం మొదట చూసింది తలుపుల వైపు

సినిమా హాలుకు లైసెన్సు ఎందుకు? 1918లో బ్రిటిష్ ప్రభుత్వం సినిమాటోగ్రాఫ్ చట్టం తెచ్చినప్పుడు రెండు పనులు పెట్టుకుంది. ఆడే బొమ్మను ముందుగా పరిశీలించడం ఒకటి, ఆడే చోటు క్షేమంగా ఉందో లేదో చూడడం రెండోది. అప్పటి ఫిల్ము నైట్రేటుతో తయారయ్యేది. ఒక్క నిప్పురవ్వ చాలు, ప్రొజెక్టరు గది కొలిమి అయ్యేది. కనక గోడలు ఎలా ఉండాలి, తలుపులు ఎటు తెరుచుకోవాలి అన్నవి లైసెన్సు షరతులయ్యాయి.

రాజ్యాంగంలో ఈ రెండు పనులూ విడిపోయాయి. బొమ్మకు సర్టిఫికెట్టు ఇవ్వడం కేంద్ర జాబితాలో 60వ అంశం. హాళ్ల సంగతి రాష్ట్ర జాబితాలో 33వ అంశం. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నియమావళి ఈ అధికారంతో వచ్చినవే. జిల్లాల్లో జాయింట్ కలెక్టరు, హైదరాబాదులో పోలీసు కమిషనరు లైసెన్సు ఇచ్చే అధికారులు. ఆ లైసెన్సు షరతుల్లోకే టిక్కెట్టు ధర కూడా వచ్చి చేరింది. హాలు పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చేవాడే రేటు కూడా చెప్పే పద్ధతి అలా స్థిరపడింది.

తలుపును మరిచిపోతే ఏమవుతుందో 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటరులో దేశం చూసింది. ‘బోర్డర్’ ఆడుతుండగా ట్రాన్స్‌ఫార్మరు అంటుకుని, పొగ బాల్కనీలోకి పాకింది. 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనంగా వేసిన సీట్లు బయటికి వెళ్లే దారిని మూసేశాయని విచారణలో తేలింది. నాలుగు టిక్కెట్లు ఎక్కువ అమ్ముడవడానికి వేసిన కుర్చీలు మనుషులకూ తలుపుకూ మధ్య అడ్డుపడ్డాయి. ధరకూ భద్రతకూ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయిదు రూపాయల టిక్కెట్టు

ఇక మన కాలానికి వద్దాం. 2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 విడుదల చేసింది. మర్నాడు ‘వకీల్ సాబ్’ విడుదల. అందులో కథానాయకుడు అప్పటి ప్రతిపక్షంలో ఒక పార్టీ అధ్యక్షుడు. జీవోకూ సినిమాకూ సంబంధం లేదని ప్రభుత్వం అన్నది. ఉందని అభిమానులు అన్నారు. తేదీలు మాత్రం పక్కపక్కనే ఉన్నాయి.

ఆ జీవో పట్టిక చదవడమే ఒక అనుభవం. నగరపాలక సంస్థల్లో మల్టీప్లెక్సు ప్రీమియం సీటు 250 రూపాయలు. మునిసిపాలిటీలకు వచ్చేసరికి తగ్గింది, నగర పంచాయతీకి ఇంకా తగ్గింది. అలా మెట్లు దిగుతూ గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలుకు చేరితే ధరలు 15, 10, 5 రూపాయలు. అయిదు రూపాయలకు ఆ రోజు చాలా ఊళ్లలో సమోసా కూడా రాదు.

లెక్క వేసి చూద్దాం. ఊళ్లో 300 సీట్ల హాలు ఉందనుకుందాం. మూడు తరగతుల సగటు పది రూపాయలు. హాలు నిండితే ఆటకు 3,000. రోజుకు నాలుగు ఆటలూ నిండితే 12,000. అందులోంచి పన్ను, సినిమా వాటా, కరెంటు బిల్లు, ఆపరేటరు, గేట్‌మన్, ఊడ్చే మనిషి, పార్కింగు కుర్రాడు. నాలుగు ఆటలూ నిండే రోజు ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుందో హాలు యజమానులను అడిగితే వేళ్ల మీద చెబుతారు. హాలుకన్నా పక్కనున్న కిరాణా కొట్టు కలెక్షనే నయం అన్న అర్థం వచ్చేట్టు నటుడు నాని ఆ డిసెంబరులో అన్న మాట ఎంత దుమారం లేపిందో గుర్తుండే ఉంటుంది.

ప్రభుత్వం వాదనను కొట్టిపారెయ్యడానికీ లేదు. పెద్ద సినిమా వచ్చిన మొదటి వారం హాళ్లు ఇష్టమొచ్చిన రేటు పెట్టడం, పేదవాడి జేబు ఖాళీ చెయ్యడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. 2013లో జీవో 100తో ఒకసారి ధరలు కట్టడి చేస్తే హాళ్లవాళ్లు కోర్టుకు వెళ్లారు. కట్టడి ఉండాలన్న ఆలోచన ఏ ఒక్క పార్టీదీ కాదు. ఎక్కడ తప్పిందంటే, ఆ కట్టడి వచ్చిన వేళలోనూ, దాన్ని అమలుచేసిన తీరులోనూ.

తీరు సంగతి చెప్పుకోవాలి. 2021 డిసెంబరులో హైకోర్టు జీవో 35ను సస్పెండ్ చేసింది. అదే నెలలో అధికారులు హాళ్ల మీదికి తనిఖీలకు దిగారు. అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం లేదని, లైసెన్సు రెన్యువల్ కాలేదని చాలా హాళ్లకు తాళాలు పడ్డాయి. ఆ లోపాలు నిజమే అయితే అంతకుముందు రోజుదాకా ఆ హాళ్లలో కూర్చున్న జనం సంగతి ఏమిటి? నిజం కాకపోతే తాళాలు ఎందుకు? కొద్ది రోజుల్లోనే గడువు ఇచ్చి తెరిపించారు. మంటల నుంచి జనాన్ని కాపాడడానికి పెట్టిన షరతు ధరల పోట్లాటలో చేతికర్రగా మారిపోవడం అక్కడ కళ్లారా కనిపించింది.

తరవాత రాజీ. 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి ముఖ్యమంత్రిని కలిశారు. మార్చి 7న జీవో 13 వచ్చింది. అడుగు ధర 20 రూపాయలు, పై ధర 250. ఖర్చు వంద కోట్లు దాటిన సినిమాలకు మొదటి పది రోజులు ధర పెంచుకునే వీలు. చిన్న సినిమాకు రోజుకో ఆట. సాధారణ తరగతికి పాతిక శాతం సీట్లు. మొత్తం మీద చూస్తే పాత జీవోకన్నా మేలైనదే. ఆ నెల 25న ‘ఆర్ఆర్ఆర్’ 75 రూపాయల పెంపుతో విడుదలైంది. నెల రోజుల ముందు ఫిబ్రవరి 25న వచ్చిన ‘భీమ్లా నాయక్’ పాత ధరలకే ఆడింది. ఒకే రాష్ట్రం, ఒకే హాళ్లు, ఒక్క నెల తేడా.

సంధ్య దగ్గర ఆ రాత్రి

తెలంగాణ కథ ఇంకో దారిలో నడిచింది. 2021 డిసెంబరు 21న జీవో 120తో అక్కడ ఏసీ హాళ్లలో పై ధర 150, మల్టీప్లెక్సుల్లో 250 అయింది. జీఎస్టీ కలిపితే 177, 295. హైదరాబాదులో సినిమా చూసేవాళ్లకు ఈ రెండంకెలూ ఇంటి నంబరులా కంఠతా వచ్చేశాయి. నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్సుకు వెళ్తే టిక్కెట్లకే 1,180. యాప్‌వాడి చార్జీ వేరే, పాప్‌కార్న్ వేరే.

మామూలు ధరలే ఈ స్థాయిలో ఉన్నా పెద్ద సినిమాలకు ప్రత్యేక ఉత్తర్వులు ఆగలేదు. ‘పుష్ప 2’కు 2024 డిసెంబరు 4 రాత్రి ఆటకు టిక్కెట్టు మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది. ఆ రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటరు దగ్గర హీరో అల్లు అర్జున్ వచ్చాడని తెలిసి తోపులాట జరిగింది. భర్తతో, ఇద్దరు పిల్లలతో వచ్చిన 35 ఏళ్ల గృహిణి ఊపిరాడక చనిపోయింది. కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. డిసెంబరు 13న అల్లు అర్జున్ అరెస్టు, అదే రోజు హైకోర్టులో మధ్యంతర బెయిలు. ఎవరి తప్పు ఎంతన్నది కోర్టు తేలుస్తుంది, దాని గురించి ఇక్కడ తీర్పులు అక్కర్లేదు.

కానీ ఒక్క విషయం గమనించాలి. ‘బెనిఫిట్ షో’ అన్న పేరుకు ఒక చరిత్ర ఉంది. వరద బాధితుల కోసమో, ఊళ్లో బడి కోసమో అభిమాన సంఘం హాలు మాట్లాడుకుని ఎక్కువ ధరకు టిక్కెట్లమ్మి, మిగిలింది ఆ పనికి ఇచ్చేవారు. పేరు అలా వచ్చింది. పేరు మిగిలింది, లాభం మాత్రం చెయ్యి మారింది. ఇవాళ బెనిఫిట్ షో అంటే మొదటి రాత్రి, మొదటి ఆట, మొదటి అరుపు. ఆ మొదటితనానికే ధర కడుతున్నారు. ఆ ధరకు ప్రభుత్వం ముద్ర వేస్తున్నప్పుడు, అంతమంది ఒకే గుమ్మం దగ్గర ఒకే గంటకు చేరతారని కూడా ప్రభుత్వానికి తెలిసి ఉండాలి. అలాంటి రాత్రి ఆట అనుమతి మీద, హాలుకు ఎన్ని గేట్లు, రోడ్డు మీద ఎంతమందిని నిలబెట్టగలరు, అతిథులు ఏ దారిన వస్తారు అన్న వివరం లేకుండా సంతకం పడకూడదన్నది ఈ వక్త అభిప్రాయం.

డిసెంబరు 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో మాట్లాడుతూ, తాను ఉన్నంతకాలం ప్రత్యేక ఆటలకు, ధరల పెంపుకు అనుమతి ఉండదన్నారు. విచిత్రంగా సరిగ్గా ఆ రోజే జైసల్మేరులో 55వ జీఎస్టీ కౌన్సిలు కూర్చుని, ఉప్పు పాప్‌కార్న్‌కు ఒక పన్ను, పంచదార పాకం పట్టిన పాప్‌కార్న్‌కు ఇంకో పన్ను అని వివరణ ఇచ్చింది. దేశమంతా రెండు రోజులు పాప్‌కార్న్ మీద జోకులు వేసుకుంది. హైదరాబాదులో ఒక పిల్లవాడు ఐసీయూలో ఉన్నాడు. వార్తాపత్రికల్లో రెండు వార్తలూ ఒకే రోజు వచ్చాయి.

సభలో ఇచ్చిన మాట మూడు వారాలు కూడా నిలవలేదు. 2025 జనవరి 10న విడుదలైన ‘గేమ్ ఛేంజర్’కు ధర పెంపుకూ, తెల్లవారుజాము ఆటకూ అనుమతి వచ్చింది. హైకోర్టులో ప్రశ్నలు ఎదురయ్యాక ఆ అనుమతి వెనక్కి వెళ్లింది. సెప్టెంబరులో ‘ఓజీ’ వచ్చేసరికి మళ్లీ పెంపు. సింగిల్ జడ్జి సస్పెండ్ చేస్తే, డివిజన్ బెంచి దాని మీద స్టే ఇచ్చింది. అదే సినిమాకు ఆంధ్రప్రదేశ్‌లో అర్ధరాత్రి ఆట టిక్కెట్టు జీఎస్టీతో కలిపి వెయ్యి రూపాయలు. ఆ సినిమా హీరో ఆ రాష్ట్ర ఉపముఖ్యమంత్రి. అంతకు నాలుగేళ్ల కిందట ఆయన ‘వకీల్ సాబ్’కు ముందు రోజు ధర తగ్గిందని గోల చేసినవాళ్లలో ఎంతమంది, ఈసారి ధర పెరిగిందని గోల చేశారు? పార్టీ మారితే న్యాయం మారిపోతుందనుకోవడం అభిమానికి చెల్లుతుంది, పౌరుడికి చెల్లదు.

ఎవరి లెక్క వారిది

నిర్మాతల లెక్క తెలియకుండా వాళ్లను తిట్టడం తేలిక. పెద్ద సినిమాను ఏరియాల వారీగా నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ ముందే అమ్మేస్తారు. కొన్న బయ్యరు వడ్డీకి తెచ్చిన డబ్బు మొదటి శుక్ర, శని, ఆదివారాల్లో వెనక్కి రావాలి. సోమవారం కలెక్షను పడిపోతే ఇక లేవదు. నెల తిరిగేసరికి సినిమా ఓటీటీలో ఇంటికొచ్చేస్తుందని ప్రేక్షకుడికి తెలుసు. అందుకని మూడు రోజుల్లో ముప్పై రోజుల డబ్బు పిండాలన్న తొందర. ఆ తొందరకే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి.

హాలు యజమాని లెక్క వేరు. వాళ్లలో చాలామంది వారానికి ఇంతని అద్దె పద్ధతి మీద హాలు ఇస్తారు. పెంచిన ధరలో వాళ్లకు వచ్చేది తక్కువ, ఖాళీ సీట్లతో వచ్చే నష్టం ఎక్కువ. 2025 మేలో వాటా పద్ధతి కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామని ఎగ్జిబిటర్లు అన్నది అందుకే. ఆ మాట ఎవరి సినిమాను ఆపడానికి అన్నారోనన్న అనుమానంతో రాజకీయం ముందుకొచ్చింది. అసలు కోరిక వెనక్కి వెళ్లిపోయింది. ఊళ్లలో ఫంక్షన్ హాళ్లుగా, గోదాములుగా మారిన పాత థియేటర్లను చూస్తే ఆ కోరిక ఎంత పాతదో తెలుస్తుంది.

ప్రేక్షకుడూ తన లెక్క చెప్పాడు, తన పద్ధతిలో. 2024 సంక్రాంతికి పెద్ద సినిమా ధర పెంచుకుని వస్తే, ‘హనుమాన్’ మామూలు ధరలకే వచ్చి వారాల తరబడి ఆడింది. 2023లో ‘బలగం’ చూడడానికి తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని, ఊరంతా కూర్చుని ఏడ్చింది. ఇంకో పద్ధతిలో చెప్పిందే 2025 నవంబరులో కనిపించింది. ‘ఐబొమ్మ’ పైరసీ సైటు నడుపుతున్నాడన్న ఆరోపణతో హైదరాబాదు పోలీసులు ఒకడిని అరెస్టు చేస్తే, సోషల్ మీడియాలో దొంగ మీద కోపంకన్నా జాలి ఎక్కువ పొంగింది. పైరసీ దొంగతనమే, అందులో రెండో మాట లేదు. అయినా ఆ జాలి ఎక్కడిదో పరిశ్రమ పెద్దలు ఒక పూట కూర్చుని ఆలోచించవలసింది.

అమెరికాలో తెలుగువాళ్లు విడుదలకు ముందు రోజు ప్రీమియరుకు మామూలుకన్నా ఎక్కువ డాలర్లు పెట్టి వెళ్తారు. అక్కడ ఏ గవర్నరూ ధర మీద సంతకం చెయ్యడు. పెట్టాలనుకున్నవాడు పెడతాడు, లేనివాడు వారం ఆగుతాడు. ఆ పద్ధతే ఇక్కడా పెట్టేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. సరిపోదు. మండల కేంద్రంలో ఉన్న ఒక్క హాలుకు పోటీ లేదు. ఊళ్లో ఇంకో వినోదమూ లేదు. వారం ఆగితే ఆ సినిమా అక్కడ ఉంటుందన్న భరోసా కూడా లేదు.

మరి పూర్తిగా కట్టడి చేస్తే? గెయిటీ ఒకప్పుడు ఉన్న మద్రాసు సంగతి చూద్దాం. తమిళనాడులో 2017 నుంచి మల్టీప్లెక్సు పై ధర 150, పన్నులతో 190 దాకా. ఏ సూపర్‌స్టారుకైనా, కొత్త కుర్రాడికైనా లెక్కకు అదే ధర. ఆ సమానత్వం చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మొదటి రోజు మొదటి ఆటకు ఆ ధరలో టిక్కెట్టు దొరికిందని చెప్పే అభిమాని అరుదు. కర్ణాటక 2025 సెప్టెంబరులో 200 రూపాయల పరిమితి ప్రకటిస్తే రెండు వారాలు తిరగకుండానే హైకోర్టు స్టే ఇచ్చింది. గట్టిగా మూసిన మూత ఒక పక్కనుంచి ఆవిరి వదులుతూనే ఉంటుంది.

ఉత్తర్వులో రాయవలసినవి

ఇంతకీ ఈ వక్త కోరేది ఏమిటి? మొదటిది, సినిమా పేరు ఉన్న జీవో ఇక రాకూడదు. పెంపు ఉండాలనుకుంటే ఎంత, ఎన్ని రోజులు, ఏ అర్హతతో అన్నది ఏడాది మొదట్లో ఒకసారి ప్రకటించి, అర్హత ఉన్న ప్రతి సినిమాకు అదే వర్తింపజెయ్యాలి. నిర్మాత సచివాలయం మెట్లెక్కే అవసరం ఉండకూడదు, మంత్రికి అభిమాని ముందు గొప్ప చెప్పుకునే అవకాశమూ ఉండకూడదు. విడుదలకు ఒక రోజు ముందు వచ్చే ఉత్తర్వును విధానం అనరు, వరం అంటారు. కొన్నిసార్లు శాపం అంటారు.

రెండోది, జీవో 13లో ఉన్న ఆ పాతిక శాతం సీట్లను ఏ పెంపూ తాకకూడదు. ఇక్కడ పన్ను లెక్క కూడా కలిసొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల దాకా ఉన్న టిక్కెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. అంటే వంద రూపాయల టిక్కెట్టు ప్రేక్షకుడికి 105కు వస్తుంది. హాలువాడు ఒక్క రూపాయి పెంచి 101 చేస్తే 119 దాటుతుంది. ఒక్క రూపాయి కోసం ప్రేక్షకుడు పధ్నాలుగు రూపాయలు అదనంగా ఇచ్చుకోవాలి. వందలోపు సీట్లు ప్రతి హాలులో, ప్రతి సినిమాకు, మొదటి రోజు నుంచి ఉంటే పాత నేల టిక్కెట్టుకు ఈ కాలపు రూపం వచ్చినట్టే. ఆన్‌లైన్‌లో ముందే ఎగిరిపోకుండా వాటిలో కొన్నింటిని కౌంటరు దగ్గరే అమ్మాలి. స్మార్ట్‌ఫోను లేని ముసలాయన కూడా ప్రేక్షకుడే.

మూడోది తినుబండారాల సంగతి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు, బయటి తిండి తెచ్చుకోనివ్వాలా వద్దా అన్నది హాలు యజమాని ఇష్టమని, తాగే నీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. జిలేబీ తిని వేళ్లు సీటుకు తుడిస్తే ఎవరు కడుగుతారన్న మాట ఆ విచారణలో వచ్చింది. ఆ న్యాయం ఒప్పుకోవచ్చు. ఆ ఉచిత నీళ్ల కొళాయి ఏ అంతస్తులో, ఏ మూల ఉందో తనిఖీకి వెళ్లిన అధికారులు ఎప్పుడైనా వెతికారా అని అడగడమూ న్యాయమే.

నాలుగోది అన్నిటికన్నా ముందు చెప్పవలసింది. ధరకూ భద్రతకూ ఒకే ఫైలు ఉండకూడదు. అగ్నిమాపక తనిఖీ ఏడాదికి ఇన్నిసార్లని ముందే తేదీలు వేసి, ఫలితాన్ని హాలు గోడ మీద జనం చదివేలా అంటించాలి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏ హీరో సినిమా ఆడుతున్నా ఆ తేదీ మారకూడదు. అర్ధరాత్రి ఆటకు అనుమతి అడిగిన హాలు ముందుగా జనం రాకపోకల ప్రణాళిక ఇవ్వాలి. తిరుపతిలో 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల క్యూలో ఆరుగురు పోయారు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది పోయారు. దేవుడి దగ్గరైనా, క్రికెట్ దగ్గరైనా, హీరో దగ్గరైనా జనం తోసుకునేది ఒకేలాగ. గేటు ముందు తాడు కట్టడం, వరసలు విడదీయడం, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడం కూడా ఒకేలాగే ఉంటుంది.

ఈ నాలుగింటిలో గొప్ప ఆలోచన ఒక్కటీ లేదు. ఉన్న చట్టం చేతుల్లోనే ఈ అధికారాలన్నీ ఉన్నాయి. కొత్త బిల్లు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. మొదటి రెండింటికీ నిర్మాతల్లో ఒక వర్గం ఒప్పుకోకపోవచ్చు. నాలుగోదానికి హాళ్లవాళ్లు ఖర్చు లెక్క చెబుతారు. ఆ మాటలు వినాలి, బహిరంగంగా వినాలి. ఏ హీరో సినిమా విడుదలకూ దగ్గరలో లేని ఒక నెలలో వినాలి.

వెంకయ్యగారి గెయిటీ ఇప్పుడు లేదు. మన ఊళ్లలో పాత హాళ్లు మాత్రం ఇంకా కొన్ని మిగిలాయి. సెకండ్ షో అయిపోయే వేళకు అలాంటి హాలు బయట నిలబడితే ఒక దృశ్యం కనపడుతుంది. తెర మీద చివరి పేర్లు పడకముందే గేట్‌మన్ లుంగీ ఎగ్గట్టి, చేతిలో టార్చితో పక్క సందులోకి వెళతాడు. ఒక్కొక్క తలుపు గొళ్లెం తీసి, రెక్కను గోడకు ఆనించి, మళ్లీ మూసుకుపోకుండా కింద ఇటుక పెడతాడు. ఆరు తలుపులుంటే ఆరు ఇటుకలు. లోపల దీపాలు వెలిగేసరికి సందులోంచి గాలి వీస్తూ ఉంటుంది. చంకలో నిద్రపోయిన పిల్లను ఎత్తుకున్న ఒక ఇల్లాలు మొదటి తలుపులోంచి బయటికొచ్చి, చెప్పు జారితే ఒక్క క్షణం ఆగి సర్దుకుంటుంది. వెనకనున్నవాళ్లు ఆగుతారు.